ఆమె కొనుక్కున్న పూట

పోయిన ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో కర్రీ పాయింట్ నడిపే మస్కట్ అక్క చనిపోయిందని ఆమె చెల్లెలు చెప్పింది. నిద్రలోనే ప్రాణం పోయిందట. "మధ్యాహ్నం వరకు తీసుకపోతం. వస్తె రాండ్రి మేడం" అంది. గొంతులో ఏడుపు లేదు. అక్క చేతి కింద పెరిగిన మనిషి. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పడం ఆ ఇంటి పద్ధతి.

వెళ్లాను. సందు నిండా జనం. కోచింగ్‌కు వచ్చే పిల్లలు బ్యాగులు భుజాన వేసుకుని గోడ వారగా నిలబడి ఉన్నారు. హాస్టల్ ఆడపిల్లలు కొందరు ఏడుస్తున్నారు. జిరాక్స్ షాపు ఆయన మెషిన్ ఆపేసి చేతులు కట్టుకుని నిలుచున్నాడు. ఆమె కొట్టు షట్టరు కింది దాకా దించి ఉంది. పగటిపూట దాన్ని అలా చూడడం నాకు అదే మొదటిసారి.

ఆమె పేరు ఇక్కడ రాయను. సందులో ఆ పేరు తెలిసినవాళ్లే తక్కువ. మస్కట్‌లో ఒక ఇంట్లో చాలా ఏళ్లు వంటమనిషిగా చేసి వచ్చింది కనుక అందరికీ మస్కట్ అక్క. ఆమె పుట్టి పెరిగిన ఊరు, పెళ్లి, పడిన కష్టాలు నాకు వరసగా తెలియవు. అడిగినా చెప్పేది కాదు. "అయిపోయిన ముచ్చట్లు ఇప్పుడెందుకు బిడ్డ" అనేది. కాబట్టి నేను చూసిన మనిషిని మాత్రమే చెప్పగలను.

పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. కుడి చేతికి మగవాళ్లు పెట్టుకునే పెద్ద స్టీలు వాచీ. ఏదైనా గట్టిగా చెప్పాల్సి వస్తే ముందు రెండు చేతులూ కొంగుకు తుడుచుకుని, "ముచ్చట సాఫ్ చెప్త, విను" అని మొదలుపెట్టేది. ఆ తర్వాత చెప్పేది చాలా చిన్న మాట అయ్యేది. ఒక్కోసారి చేతులు తుడుచుకోవడానికి పట్టినంత సేపు కూడా పట్టేది కాదు.

మధ్యాహ్నం కర్రీ పాయింట్లన్నీ కిటకిటలాడే సమయంలో ఆమె కొట్టు మధ్యలో స్టూలు వేసుకుని, స్టీలు పళ్లెంలో అన్నం పెట్టుకుని తినేది. కౌంటరు అవతల మనుషులు వరసగా నిలబడి ఉండేవాళ్లు. పప్పు, గోంగూర, బెండకాయ వేపుడు గిన్నెల్లో పొగలు కక్కుతూ ఉండేవి. ఎవరైనా తొందర పెడితే తల ఎత్తకుండా, "ఆగు, తింటున్న" అనేది. ఒకసారి టై కట్టుకున్న కుర్రాడొకడు, "అక్కా, నాకు లంచ్ టైం అయిపోతోంది" అన్నాడు.

"నాది సుత లంచే బిడ్డ" అంది ఆమె, పచ్చడి కలుపుకుంటూ.

ఆ కుర్రాడు నిలబడ్డాడు. అందరూ నిలబడేవాళ్లు. పక్క సందులో ఇంకో కర్రీ పాయింట్ ఉంది, అక్కడికి పోవచ్చు. పోయేవాళ్లు కాదు. ఆమె తిని, చెయ్యి కడుక్కుని లేచిందంటే గరిటె ఎంత వేగంగా తిరిగేదంటే, కవరు కట్టి రబ్బరు బ్యాండు వేసే చేతుల్ని చూడడానికే నేను కాసేపు ఆగేదాన్ని.

నేను పంజాగుట్టలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో పని చేస్తాను. మాది తణుకు దగ్గర. ఉద్యోగానికి వచ్చి అమీర్‌పేటలోనే ఉండిపోయాను. సాయంత్రం మెట్రో దిగి, ఆమె దగ్గర ఒక కూర, కాస్త పప్పు తీసుకుని గదికి పోవడం నా అలవాటు. సెలవు దొరికిన రోజు మధ్యాహ్నమే వెళ్లేదాన్ని. మొదట్లో నన్ను మేడం అనేది. జ్వరం వచ్చి వారం రోజులు కనపడకపోయేసరికి నా గది వెతుక్కుంటూ జావ కాచి తెచ్చింది. అప్పటి నుంచి బిడ్డ అయ్యాను.

ఆమె ఉండేది కొట్టు వెనక ఒక్క గది. ఒకసారి వెళ్లినప్పుడు ఆ తలుపు బయటి వైపు గొళ్లెం లేకపోవడం గమనించాను. గొళ్లెం ఉండాల్సిన చోట స్క్రూలు పీకిన గుంతలు, వాటి మీద కొత్తగా వేసిన ఆకుపచ్చ రంగు.

"ఊడిపోయిందా అక్కా? కార్పెంటర్ని పిలవమంటారా?" అని అడిగాను.

"ఊడలె. నేనే తీపిచ్చిన" అంది. "లోపట గొళ్లెం ఉన్నది, సరిపోతది. బయట గొళ్లెం ఉంటె నన్ను లోపటేసి ఎవడన్న పెట్టొచ్చు గద."

"మరి మీరు బయటికి వెళ్తే?"

"పక్కింటామె ఉంటది. నేనేమన్న బంగారం దాసిన్నా."

ఆ మాటల్లో బాధ ఏమీ వినిపించలేదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టే చెప్పింది.

రెండేళ్ల కింద చలికాలం మొదలవుతుండగా ఆమె పంజాగుట్టలో మా ఆఫీసు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. నేను అక్కడ పని చేస్తానని ఆమెకు తెలియదు. ముందు టేబుల్ దగ్గర కూర్చునే మా సహోద్యోగి ఆమెను చూశాడు, ఆమె నోట మస్కట్ అనే మాట విన్నాడు, వెంటనే చెప్పాడు: "గల్ఫ్ ఉద్యోగాల వీసాలు ఇక్కడ చెయ్యమమ్మా. మాసబ్ ట్యాంక్ వైపు ఎవరన్నా ఉంటారేమో కనుక్కోండి."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతులు కొంగుకు తుడుచుకుంది. "ముచ్చట సాఫ్ చెప్త, విను. ఉద్యోగం నాకొద్దు. నాకు టూరు గావాలె" అంది.

అప్పుడు నేను లోపలి నుంచి వచ్చాను. నన్ను చూసి ఆమె ఆశ్చర్యపోలేదు. "నువ్వు ఈడనా చేసేది? మంచిగయ్యింది" అని కుర్చీ నా వైపు తిప్పుకుంది. "సందుల అందరు నన్ను మస్కట్ అక్క అంటరు. నేను మస్కట్ చూడనే లేదు. ఒకసారి చూసొస్త. అప్పుడు ఏమన్న అనుకోండ్రి."

"అన్నేళ్లు అక్కడే ఉన్నారు కదా అక్కా?"

"ఇంట్ల ఉన్న. ఊర్ల లేను."

దుబాయ్ బాగుంటుంది, ఎత్తైన భవనాలు, ఫౌంటెన్లు ఉంటాయి, మొదటిసారి టూర్ వెళ్లేవాళ్లంతా అక్కడికే వెళ్తారు అని నేను అలవాటుగా చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "దుబాయ్‌తోని నాకేం పని? మస్కట్ అవతల నఖల్ అని ఉంటదట. వేడి నీళ్లు వస్తయట. నేను ఆడికి పోవాలె. నలుగురితోని వద్దు. నాకు ఒక్కదానికి ఒక కారు గావాలె, ఒక్క పూట. ఉంటదా గసొంటిది?"

ఉంటుంది. మా భాషలో దాన్ని ప్రైవేట్ హాఫ్ డే టూర్ అంటాం. కొత్త జంటలు తీసుకుంటారు, చేతిలో డబ్బున్న పెద్దవాళ్లు తీసుకుంటారు. అప్పటికే మా దగ్గర రిటైరైన ఉద్యోగుల గుంపు ఒకటి భార్యలతో మస్కట్ వెళ్తోంది. వాళ్లకు తోడుగా ఆఫీసు తరఫున నేను వెళ్తున్నాను. ఆమెను ఆ గుంపులో కలిపి, వాళ్లు షాపింగ్‌కు పోయే రోజు ఈమెకు కారు ఏర్పాటు చేశాను. ఒక్కదాన్నే పంపొద్దని, నన్ను కూడా వెంట వెళ్లమని మా యజమాని చెప్పాడు.

"నఖలే ఎందుకక్కా?" అని అడిగాను.

"పోయినంక చెప్త" అంది.

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో ఇమిగ్రేషన్ దగ్గర ఆఫీసరు ఆమె పాస్‌పోర్టు పట్టుకుని చాలాసేపు చూశాడు. చదువుకోని ఆడవాళ్లు విజిట్ వీసా మీద గల్ఫ్ వెళ్తుంటే ఆపి అడగడం ఆయన పని. అలా వెళ్లి ఇళ్లలో ఇరుక్కుపోయినవాళ్లు ఎందరో ఉన్నారు. వెనక్కి పంపేస్తే ఏం చెయ్యాలి? హోటల్ బుకింగ్, రిటర్న్ టికెట్ చేతిలో పట్టుకుని నేను పక్క వరస నుంచి ముందుకు వెళ్లాను. ఆమె నా వైపు చూడకుండానే అరచెయ్యి చూపించింది.

"నువ్వుండు. సారు నన్ను అడుగుతుండు."

"పనికి పోతున్నవా అమ్మా?" అన్నాడు ఆఫీసరు. "భయపడకు, నిజం చెప్పు."

"పని అయిపోయింది సార్. ఇప్పుడు చూడనీకి పోతున్న."

"ఇంతకుముందు చాలా ఏండ్లు ఉన్నవ్ గదా అక్కడ?"

"ఉన్న సార్. అప్పుడు గిన్నెలు చూసిన."

ఆఫీసరు కళ్లద్దాలు తీసి ఆమెను పరీక్షగా చూశాడు. ఆమె కూడా ఆయన్ను అలాగే చూసింది. చూపు దించుకోలేదు, నవ్వలేదు, బతిమాలలేదు. ఆయన స్టాంపు వేశాడు. "మంచిగ చూసిరా" అన్నాడు. అది విని వెనక వరసలో ఉన్న మా గుంపు పెద్దమనిషి ఒకాయన, "ఎవరండీ ఆవిడ?" అని నన్ను అడిగాడు. "మా కస్టమరండీ" అన్నాను. ఆ మాట అనడం నాకు చాలా బాగుంది.

మస్కట్‌లో ఆమె, నేను ఒకే గది. టూరు రోజు పొద్దున ఇంగువ వాసనకు మెలకువ వచ్చింది. చూస్తే, ఆమె సూట్‌కేసులోంచి చిన్న కరెంటు కుక్కరు తీసి అన్నం వండింది. హైదరాబాద్ నుంచి తెచ్చిన చింతపండు పులుసు, పోపు కలిపి పులిహోర చేస్తోంది. పక్కనే సకినాల డబ్బా, చల్ల మిరపకాయలు, స్టీలు ఫ్లాస్కులో చాయ్.

"అక్కా, పొగకు అలారం మోగుతుంది ఇక్కడ" అన్నాను కంగారుగా.

"పొగ రానిస్తె గద" అంది. "అన్నం లేకుంట నఖల్ ఎవరు పోతరు?"

డ్రైవరు ఆ దేశం కుర్రాడే. తెల్లని పొడుగు అంగీ, తలకు పూల కుట్టు టోపీ. బొంబాయి సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ మాట్లాడతాడు. వెనక తలుపు తీసి వంగి నిలబడ్డాడు. ఆమె ముందు తలుపు దగ్గరికి వెళ్లింది. "ముందట కూసుంట. వెనక కూసొని సగం సగం చూసుడు నాతోని కాదు" అంది నాతో. కూర్చుని, బెల్టు పెట్టించుకుని, రోడ్డు వైపు చెయ్యి చూపిస్తూ అరబ్బీలో అతనితో ఒకే మాట అంది. "రూహీ."

కుర్రాడు స్టీరింగు మీద తల ఆనించి నవ్వాడు.

ఏమైందని నేను హిందీలో అడిగితే అతను చెప్పాడు. రూహీ అంటే పో అని. కానీ అది ఆడవాళ్లతో అనే మాట. మగవాడితో అయితే రూహ్ అనాలి. ఆమె అతన్ని "పోవే" అన్నట్టు అన్నది. నేను తెలుగులో చెప్పాను.

"అట్లనా. నాతోని మాట్లాడినోళ్లు నన్ను ఆడమనిషి లెక్కనే గద పిలిచిండ్రు. నేను విన్నదే నేర్సుకున్న. మగోళ్లకు వేరే ఉంటదని నాకెట్ల ఎరుక?"

ఇంకేం మాటలు వచ్చని అతను అడిగాడు. ఆమె వేళ్లు మడుస్తూ చెప్పింది. తాలీ, రా. జీబీ, తే. షీలీ, తీసెయ్. గిల్సీ, కూర్చో. కులీ, తిను. అన్నీ అలాంటివే. కొంత దూరం పోయాక కుర్రాడి నవ్వు తగ్గింది. అతను హిందీలో మెల్లగా, "అమ్మా, ఇంకో మాట ఏదీ రాదా?" అన్నాడు.

"చాలు తీయ్. గీటితోనే అంత నడిచింది" అంది ఆమె తన హిందీలో, కిటికీ బయటికి చూస్తూ.

ఊరు వెనకపడింది. ఒక పక్క ఎక్కడో సముద్రం ఉన్నట్టు తెల్లని కాంతి, ఇంకో పక్క చెట్టు చేమ లేని కొండలు. ఆమె కొండల్ని చూస్తూ మాట్లాడడం మొదలుపెట్టింది. నేను అడగలేదు.

"శుక్రవారం వస్తె పొద్దున్నే లేచి వండుతుంటి. గింత పెద్ద గిన్నెల బిర్యాని, కోడి, రొట్టెలు, చాయ్. అన్ని కార్ల నేనే పెడుతుంటి. వాళ్లు ఎక్కుతుండ్రి. బయట తాళమేసి పోతుండ్రి. సాయంత్రం వస్తె గిన్నెలన్ని ఖాళీ, బట్టలన్ని తడి. పిల్లల జేబులల్ల రాళ్లు దొరుకుతుండె, నున్నగ, గోలీల తీరు. ఏడికి పోయిండ్రు అంటె నఖల్ అంటుండ్రి. వేడి నీళ్లల్ల ఆడినం అంటుండ్రి. నేను వండింది పోతుండె. నేను పోలె."

"ఒక్కసారి కూడా తీసుకెళ్లలేదా?"

"మంచోళ్లే బిడ్డ. తిట్టలె, కొట్టలె. జీతం ఆపలె. గని నన్ను తీస్కపోవాలని వాళ్లకు తోచలె. నేను సుత అడగలె. అడిగితె తీస్కపోదురేమో, ఎవరికెరుక. ఇప్పుడు ఎవర్ని అడిగే పని లేదు గద."

డ్రైవరుకు ఈ మాటలు అర్థం కాలేదు. కానీ ఆమె గొంతు విని రేడియో తగ్గించాడు. తర్వాత, ఆమె ఒకప్పుడు ఇక్కడ పని చేసిందని నేను చెబితే, కావాలంటే తిరుగు ప్రయాణంలో ఆ ఇంటి వైపు తీసుకెళ్తానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆ ఇల్లు నాకు తెల్సు. తెల్వని జాగ చూపియ్యి."

నఖల్ ఊరి మొదట్లో ఖర్జూరపు తోటల పైన, రాతి గుట్ట మీద పాత కోట ఉంది. వచ్చేవాళ్లంతా ముందు కోట చూస్తారని, తర్వాత నీళ్ల దగ్గరికి పోతారని డ్రైవరు చెప్పాడు. "ముందు నీళ్లు. కోట తర్వాత" అంది ఆమె. కారు తోటల మధ్య సన్నటి దారిలోంచి కొండ మొదటికి వెళ్లింది.

కొండ కింద రాళ్ల మధ్య నుంచి నీళ్లు ఊరి వస్తున్నాయి. పెద్ద ఏరేమీ కాదు. మోకాలి లోతు, గలగలా పారే సన్నని పాయ. ఆ రోజు సెలవు. ఒడ్డున కుటుంబాలు తివాచీలు పరుచుకుని కూర్చున్నాయి. పిల్లలు బట్టలతోనే నీళ్లలో పడి అరుస్తున్నారు. మాంసం కాలుతున్న వాసన, తడి రాళ్ల వాసన.

ఆమె ముందు మోచెయ్యి నీళ్లలో ముంచి చూసింది, పసిపిల్లకు స్నానం పొయ్యబోయే ముందు చూసినట్టు. తర్వాత చెప్పులు ఒడ్డున విడిచి, చీర కుచ్చిళ్లు పైకి దోపి, దిగింది. చిన్న చేపలు వచ్చి ఆమె పాదాల చుట్టూ మూగాయి. ఆమె కదలలేదు. నీళ్లు వచ్చే వైపుకు ముఖం పెట్టి నిలబడి ఉంది. నేను ఫోటో తీస్తానన్నాను. "జర ఆగు" అంది.

చివరికి ఒడ్డుకు వచ్చి, అమీర్‌పేట నుంచి తెచ్చిన ప్లాస్టిక్ చాప పరిచింది. డ్రైవరును కూర్చోబెట్టి పులిహోర పెట్టింది. నాకు పెట్టింది. తను పెట్టుకుని, కాళ్లు చాపుకుని, పాదాలు నీళ్లకు తగిలేలా కూర్చుని తింటోంది.

మాకు కాస్త అవతల పెద్ద కుటుంబం ఒకటి ఉంది. వాళ్ల తివాచీకి దూరంగా ఒక రాయి మీద, పసిపిల్లను ఎత్తుకుని ఒక అమ్మాయి కూర్చుని ఉంది. వదులుగా పొడుగు గౌను, తలకు గుడ్డ. పులిహోర వాసనకో మా మాటలకో మా వైపే చూస్తోంది. అక్క కూడా ఆమెను చూసింది.

"తెలుగేనా బిడ్డ?"

ఆ పిల్ల ముఖం మారిపోయింది. లేచి దగ్గరికి వచ్చింది. "అవునండి. మాది రాజోలు దగ్గరండి" అంది. మా వైపు యాస. నన్ను, అక్కను మార్చి మార్చి చూసి, అక్క చీర, ఆమె చేతులు గమనించి, "ఈ మేడంగారింట్లో చేస్తున్నారాండి మీరు?" అని అడిగింది.

"లే. నేను పనికి రాలె. చూడనీకి వచ్చిన."

"చూడ్డానికా అండి?"

"ఆ. గా కారు నాదే ఇయ్యాల్టికి."

ఆ పిల్ల కారు వైపు చూసింది. డ్రైవరు వైపు చూసింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. "మనలాంటోళ్లు పనికి కాకుండా కూడా రావచ్చాండి?" అని మెల్లగా అడిగింది.

"వచ్చిన గద" అంది అక్క. పళ్లెం పక్కన పెట్టి చెయ్యి కడుక్కుంది. "నువ్వెన్నిసార్లు వచ్చినవ్ ఈడికి?"

"చాలాసార్లు తెచ్చారండి. మంచోళ్లేనండి."

"నీళ్లల్ల దిగినవా?"

ఆ పిల్ల చంకలోని పసిదాన్ని సర్దుకుంది. అదే జవాబు.

అక్క కొంగుకు చేతులు తుడుచుకుని రెండు చేతులూ చాపింది. "ఇటియ్యి. నువ్వు దిగు."

"అమ్మో, మా మేడం చూస్తారండి."

"చూడనీ. నేను చెప్పుకుంట."

పసిపాపను ఆమె ఎత్తుకున్న తీరు చూస్తే, ఆ దేశం పిల్లలు ఎందరు ఆ భుజం మీద నిద్రపోయారో తెలుస్తుంది. పాప కిక్కురుమనలేదు. ఆ అమ్మాయి రెండు అడుగులు వేసి వెనక్కి చూసింది. అక్క గడ్డంతో నీళ్ల వైపు చూపించింది. అమ్మాయి దిగింది.

వెంటనే తివాచీ మీద నుంచి ఒకావిడ లేచింది. నల్లని బురఖా, చేతికి బంగారు గాజులు. బిడ్డ ఎవరో తెలియని మనిషి చేతిలో ఉంది, పనిపిల్ల నీళ్లలో ఉంది. ఆమె గబగబా మా వైపు రాసాగింది. డ్రైవరు లేచి నిలబడ్డాడు. అమ్మాయి నీళ్లలో బిగుసుకుపోయింది.

అక్క కూర్చున్న చోటు నుంచి లేవలేదు. పాపను ఒడిలో సర్దుకుని, చాప మీద తన పక్కన చోటు చూపించి, పెద్దింటి ఆడమనిషి మాట్లాడినట్టు అరబ్బీలో అంది: "తాలీ. గిల్సీ."

ఆవిడ ఆగిపోయింది. అక్క సకినాల డబ్బా మూత తీసి ముందుకు జరిపింది. "కులీ."

రా, కూర్చో, తిను. ఆమెకు వచ్చిన అరబ్బీ అంతే. దానికి ముందూ వెనకా చేర్చే మర్యాద మాటలు ఆమెకు ఎవరూ నేర్పలేదు. కానీ చుట్టాన్ని పిలిచినట్టే పిలిచింది. ఆవిడ డ్రైవరును ఏదో అడిగింది. హైదరాబాద్ నుంచి వచ్చిన టూరిస్టు అని అతను చెప్పినట్టున్నాడు. ఆవిడ అక్క తడి చీరను, చేతి వాచీని, ఒడిలో హాయిగా ఉన్న బిడ్డను చూసింది. తర్వాత చెప్పులు విప్పి, చాప చివర కూర్చుంది. ఒక సకినం విరిచి నోట్లో వేసుకుంది. ఇంకో ముక్క విరిచింది.

నీళ్లలో ఉన్న అమ్మాయి ఇంకా అలాగే నిలబడి ఉంది. ఆవిడ అటు తిరిగి గట్టిగా ఏదో అంది. అమ్మాయి ఒడ్డు వైపు రాబోయింది. ఆవిడ చెయ్యి ఊపి మళ్లీ అదే మాట అంది.

"ఏమంటుంది?" అని అక్క డ్రైవరును అడిగింది.

"రాళ్లు పాకుడు పట్టి ఉన్నాయి, మెల్లగా నడవమంటోంది" అన్నాడు అతను.

అమ్మాయి మెల్లగానే నడిచింది. నీళ్లు వచ్చే వైపు, ఎగువకు. గౌను అంచు తడిసి కాళ్లకు చుట్టుకుంటుంటే చేత్తో పట్టుకుని, ఒక బండ తర్వాత ఇంకో బండ దాటుకుంటూ పోయింది. మలుపు దగ్గర తలగుడ్డ తీసి భుజాన వేసుకోవడం కనిపించింది. తర్వాత కనిపించలేదు.

ఆడవాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకునేందుకు మాటలు లేవు. పాప మేలుకుంటే ఒకరు, ఏడవబోతే ఒకరు ఎత్తుకున్నారు. అక్క ఫ్లాస్కు వంచి చాయ్ ఇచ్చింది. ఆవిడ తాగి, అందులో ఏలకులు ఉన్నాయా అని సైగతో అడిగింది. అక్క అల్లం అని చెప్పడానికి సంచీలోంచి అల్లం ముక్క తీసి చూపించింది. ఇద్దరూ నవ్వారు. తర్వాత అవతల ఎవరో పిలిస్తే ఆవిడ లేచి వెళ్లింది. బిడ్డను తీసుకెళ్లలేదు.

ఎండ ఎక్కింది. డ్రైవరు గడియారం చూసుకున్నాడు. కోటకు టైం చాలదని, ఇప్పుడు బయలుదేరితే కనీసం లోపలికి వెళ్లి రావచ్చని నాతో అన్నాడు. నేను అక్కకు చెప్పాను.

"ఆ పిల్ల రావాలె గద" అంది.

"కోట చూడకపోతే ఎలా అక్కా? మళ్లీ రాలేం కదా?"

ఆమె చేతులు తుడుచుకోలేదు. చేతుల్లో పాప ఉంది. "నేను వచ్చింది నీళ్లకు. చూసిన. మిగిలింది ఆ పిల్లకియ్యి. తొందర పెట్టకు" అంది.

అమ్మాయి వచ్చేసరికి నడుము దాకా తడిసి ఉంది. మనిషే వేరేగా ఉంది. పాపను తీసుకుంది. అక్క ఆమె తలగుడ్డ సరిచేసి, మిగిలిన పులిహోర డబ్బాతో సహా చేతిలో పెట్టింది. పేరు అడగలేదు, ఫోన్ నంబరు అడగలేదు. "దిగుతుండు అప్పుడప్పుడు" అని మాత్రం అంది.

తిరుగు దారిలో, కారు తోటలు దాటకముందే ఆమె నిద్రపోయింది. ముందు సీటులో, తల ఒక పక్కకు వాలి, నోరు కొద్దిగా తెరుచుకుని. పగటిపూట ఆమె నిద్రపోవడం నేను అంతకుముందు చూడలేదు. కాళ్ల దగ్గర చీర అంచులోంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. కోట కుడి వైపు కిటికీలోకి వచ్చింది. ఎండలో తేనె రంగుగా, చాలా అందంగా ఉంది. డ్రైవరు వేగం తగ్గించి, ఆపమంటారా అన్నట్టు అద్దంలోంచి నా వైపు చూశాడు.

వద్దని చెయ్యి ఊపాను. అతను ఆమె ముఖం మీద ఎండ పడకుండా అద్దం పైనున్న పలకను మెల్లగా కిందికి దించి, బండి పోనిచ్చాడు.